పంట పండుగలో ఆడబిడ్డ వాటా

కిందటి సంక్రాంతికి నాలుగు రోజుల ముందు నేను తోటపల్లి గూడూరులో ఉన్నాను. నెల్లూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉంటుందీ మండలం. పెన్నా కాలువల కింద వరి చేలు, తూర్పుకి పోయేకొద్దీ రొయ్యల గుంటలు, ఆ తర్వాత కోడూరు సముద్రతీరం. టీ కొట్టులో టీవీ మోగుతోంది. పంట ఇంటికొచ్చిన ఆనందంలో రైతన్న జరుపుకునే పండుగ అని పట్టుచీర కట్టుకున్న అమ్మాయి ఒకటే చెబుతోంది. రోడ్డుకి అవతల చేలు పచ్చగా ఉన్నాయి. వెన్ను తీయడానికే ఇంకా చాలా రోజులుంది. నడుములు వంచి పదిమంది ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారు. గట్టు మీద కూచుని వక్కాకు వేసుకుంటున్న ఒకామెను అడిగాను, పంట పండుగంటున్నారు కదా, మీ కోతలెప్పుడు అని. ఆమె నవ్వింది.

"కోత యాడుందమ్మా? కలుపే అయిపోలా. పండగొచ్చిందని చేను పండిపోద్దా?"

సంక్రాంతి పంటల పండుగ అని నేను కూడా ఒకటి రెండు వ్యాసాల్లో రాసే ఉంటాను. ఇరవయ్యేళ్ళుగా సమాజశాస్త్రం చదువుతూ, చెబుతూ ఉన్నదాన్ని. ఆ గట్టు మీద ఆమె నవ్వేదాకా ఈ సంగతి నాకు తట్టలేదు. గోదావరి, కృష్ణా డెల్టాల్లో తొలకరి తర్వాత నాటిన సార్వా వరి కార్తీక మార్గశిరాల్లో కోతకొస్తుంది. పుష్యమాసానికి గాదెలు నిండుతాయి. నెల్లూరు సంగతి వేరు. ఇక్కడ పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు మొదలు డిసెంబరు దాకా పడతాయి. ప్రధానమైన వరి ఆ వానల్లోనే నాటుకుని, ఎండలు ముదిరే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇంటికొస్తుంది. గోదావరి జిల్లాల నిండిన గాదె బొమ్మని సినిమాలూ పాఠ్యపుస్తకాలూ కలిసి తెలుగువాళ్ళందరి ఇళ్ళ గోడలకీ తగిలించేశాయి. తోటపల్లి గూడూరులో సంక్రాంతి కోత పండుగ కాదు. చేలో ఆడవాళ్ళ పని నడుస్తూ ఉండగా వచ్చే పండుగ.

అయితే దీని మూలమేమిటి? పంచాంగం అడిగితే సూర్యుడు మకరరాశిలో ప్రవేశించిన రోజంటుంది, ఉత్తరాయణ పుణ్యకాలమంటుంది. సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21నో, 22నో. రెంటికీ మధ్య ఇప్పుడు మూడు వారాలకు పైగా తేడా ఉంది. సుమారు 1,700 ఏళ్ళ కిందట ఈ రెండూ ఒకే రోజు పడేవి. భూమి ఇరుసు మెల్లమెల్లగా దిశ మార్చుకోవడం వల్ల దాదాపు డెబ్భై ఏళ్ళకొక రోజు చొప్పున సంక్రాంతి ముందుకి జరుగుతూ వస్తోంది. వివేకానందుడు పుట్టిన 1863లో సంక్రాంతి జనవరి 12న వచ్చింది. మనకిప్పుడు 14న గానీ 15న గానీ వస్తోంది. 1950ల్లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన కూచున్న పంచాంగ సంస్కరణ సంఘం ఈ తేడాని ఎత్తి చూపింది. ప్రభుత్వం 1957లో జాతీయ పంచాంగాన్ని తెచ్చింది కూడా. పండుగలు మాత్రం పాత లెక్కలోనే ఉండిపోయాయి. ఉంటే నష్టమేమీ లేదు, జనం ఏ రోజు కలిసి చేసుకుంటే అదే పండుగ. కానీ "అనాదిగా ఇంతే, ఇందులో ఏదీ మార్చకూడదు" అని మనకెవరైనా చెప్పినప్పుడు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది. పండుగ తేదీయే నిలిచిన చోట నిలవలేదు.

సూర్యుడి కథ ఒక్కటే కాదు, ఈ మూడు రోజుల్లో చాలా పొరలున్నాయి. ఉత్తరాయణం కోసం అంపశయ్య మీద ప్రాణం నిలుపుకున్న భీష్ముడొకడు. పోయిన పెద్దలకి కొత్త బట్టలు పెట్టి, వండి వడ్డించే ఆచారం ఒకటి, చాలా కుటుంబాల్లో సంక్రాంతి అంటే అసలు పెద్దల పండుగే. మహారాష్ట్రలో సంక్రాంతి ఒక దేవత, శంకరాసురుణ్ణి చంపిన ఆడది. మన పంచాంగాల్లోకి వచ్చేసరికి "సంక్రాంతి పురుషుడు" అయి కూచుంది! ఎలా అయిందో పరిశోధించే అమ్మాయి ఎవరైనా ఉంటే బాగుండును.

నన్ను ఎప్పుడూ పట్టి లాగేది గొబ్బెమ్మ. పేడ ముద్ద, పసుపు, కుంకుమ, గుమ్మడి పువ్వు. పూజారి అక్కర్లేదు, మంత్రం అక్కర్లేదు, గుడి అక్కర్లేదు. వాకిట్లో, నేల మీద, ఆడపిల్లలు చేసుకునే పూజ. చుట్టూ చప్పట్లు కొట్టి తిరుగుతూ పాడే పాట. గొబ్బెమ్మలంటే గోపికలని, నడుమ ఉండే పెద్ద ముద్ద గోదాదేవి అనో కృష్ణుడనో చెబుతారు. పదిహేనో శతాబ్దంలో అన్నమయ్య గొబ్బి పాట కట్టేనాటికే ఇది కృష్ణుడి కథలో కలిసిపోయి ఉంది. అంతకు ముందు అది ఏ తల్లికి చేసే పూజో! ధనుర్మాసం నెల పొడుగునా వైష్ణవ ఆలయాల్లో తిరుప్పావై ముప్ఫై పాశురాలూ పాడతారు, భోగినాడు గోదా కల్యాణం చేస్తారు. పన్నిద్దరు ఆళ్వారులలో ఆమె ఒక్కతే స్త్రీ. శ్రీవిల్లిపుత్తూరులో ఒక పిల్ల, మనిషిని పెళ్ళాడనని, తనకు కావలసినవాణ్ణి పేరు పెట్టి పిలిచి, తెల్లవారుజామున తోటి ఆడపిల్లల్ని నిద్రలేపి వెంటేసుకుని పోయిన కథ అది. మనకి మిగిల్చింది మాత్రం మంచి మొగుడి కోసం చేసే నోము.

తోటపల్లి గూడూరులో నేను దిగిన ఇంటికి పక్కిల్లు ఒక మధ్యతరగతి రైతు కుటుంబానిది. పొద్దున నాలుగింటికి చీపురు చప్పుడుకి మెలకువ వచ్చింది. నలభై ఏళ్ళు దాటని మనిషి, భర్త పోయి ఆరేళ్ళు. వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ఇరవై ఒక్క చుక్కల ముగ్గు ఒక్క గీత తప్పకుండా వేసింది. పేడ పిసికి గొబ్బెమ్మలు చేసింది. అంతా అయ్యాక ఇంట్లోకి కేకేసి తోడికోడలి కూతుర్ని పిలిచింది. పదేళ్ళ పిల్ల, నిద్ర కళ్ళతో వచ్చి, పసుపు కుంకుమలు అద్ది, పువ్వు గుచ్చి, ఒక్కొక్కదాన్నే ముగ్గులో పెట్టింది. ఈమె గడప పక్కన నిలబడి చూస్తూ, ఎక్కడ పెట్టాలో నోటితో చెబుతూ ఉంది.

ఆ సాయంత్రం ఆమెనే అడిగాను. "చేసే చెయ్యి నాది కావచ్చంట. పెట్టే చెయ్యి మాత్రం నాది కాకూడదంట" అంది. గొంతులో కోపం కూడా లేదు.

నాకూ అమ్మ ఉంది. నాన్న పోయిన ఏడాది సంక్రాంతికి, అరిసెల పాకం పట్టడంలో మా వీధిలో ఆమెను మించినవాళ్ళు లేకపోయినా, ఆమె వండిన అరిసెలు పేరంటాళ్ళకి పంచేటప్పుడు ఆమె వంటింట్లోనే ఉండిపోయింది. ఎవరూ ఉండమనలేదు. ఎవరూ రమ్మనీ అనలేదు.

మర్నాడు పొదుపు సంఘం ఆడవాళ్ళు కొందరు ఒక వసారాలో కూచున్నారు. నేను అక్కడికి వెళ్ళిన పని అదే. భూమి ఎవరి పేరున ఉంది, కౌలు డబ్బు ఎవరి చేతికి వస్తోంది అని తెలుసుకోవడం. మీలో ఎంతమందికి మీ పేరున పాసుపుస్తకం ఉంది అని అడిగితే ఇద్దరు చేతులెత్తారు. ఇద్దరూ భర్త పోయినవాళ్ళే. ఒకరు నాకు తెల్లవారుజామున ముగ్గులో కనిపించినామె. గొబ్బెమ్మని పెట్టకూడదన్న చేతికే పాసుపుస్తకం వచ్చింది! పసుపు కుంకుమలు పోతే తప్ప ఆడదాని పేరు భూమి కాగితాల్లోకి ఎక్కలేదు. పుట్టింటి నుంచి కూతురిగా భూమి వచ్చినవాళ్ళు ఆ వసారాలో ఒక్కరూ లేరు.

ఈ ఒక్క ఊరి సంగతి కాదిది. దేశం మొత్తం మీద సాగు కమతాల్లో ఆడవాళ్ళ పేరున నడిచేవి 2015-16 వ్యవసాయ గణనలో సుమారు 14 శాతం. నాట్లు, కలుపు, కోత, నూర్పుళ్ళలో ఆడవాళ్ళు ఎంతమందో ఏ ఊరి చేలో చూసినా కనిపిస్తుంది. ఆ చేలో వంగిన నడుముల్లో ఎక్కువ భాగం మాల, మాదిగ, యానాది స్త్రీలవి. కనుమనాడు పశువుల కొమ్ములకి రంగులు పూసి మొక్కుతారు, బాగానే ఉంది. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులే కరువయ్యాక కూడా మొక్కుతున్నారు. నాటు వేసిన మనిషికి మొక్కే పూట మాత్రం ఏ పంచాంగంలోనూ లేదు.

చట్టం లేదా అంటే ఉంది. మన రాష్ట్రమే ముందు తెచ్చింది కూడా. తండ్రి స్వార్జితంలో, ఆయన వీలునామా రాయకుండా పోతే, కొడుకుతో సమానంగా కూతురికి వాటా 1956 హిందూ వారసత్వ చట్టం నుంచీ ఉంది. పిత్రార్జితంలో మాత్రం పుట్టుకతో హక్కు కొడుకులకే ఉండేది. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దీన్ని సవరించి, కూతురినీ పుట్టుకతోనే సహదాయాదిని చేసింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అది అమల్లోకి వచ్చినట్టు లెక్క. దేశంలో ఈ పని చేసిన మొదటి రాష్ట్రం మనదే. కానీ అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళని పక్కన పెట్టేసింది. పెళ్ళయితే పరాయిదన్న పాత మాటనే చట్టం భాషలో రాసుకుంది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్రం తెచ్చిన సవరణ ఆ అడ్డు తీసేసింది. పెళ్ళయినా కాకపోయినా కూతురు కొడుకుతో సమానం. తండ్రి ఆ తేదీకి బతికి ఉండాలా అన్న తగాదా కోర్టుల్లో పదిహేనేళ్ళు నడిచింది. ఉండనక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రంతోనో కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాలు మాత్రం చెల్లుతాయి. "ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం" అనే అన్నదమ్ముల వాదనని మామూలుగా ఒప్పుకోకూడదని కూడా ఆ తీర్పులో ఉంది. మీ దగ్గరికి వచ్చే కేసుల్లో ఈ ఒక్క వాక్యం చాలా పనికొస్తుంది.

ఇదంతా చెప్పాను ఆ వసారాలో. శ్రద్ధగా విన్నారు. తర్వాత ఒక పెద్దామె అంది: "అడిగితే పుట్టిల్లు పోద్ది మేడమ్. అడక్కపోతే పండక్కి చీరొస్తాది."

దీన్ని అమాయకత్వం అనుకుంటే మనమే అమాయకులం. ఆమె లెక్క చాలా జాగ్రత్తగా వేసింది. మొగుడు కొట్టినప్పుడు పిల్లల్ని తీసుకుని పోవడానికి ఆమెకి ఉన్న చోటు ఒక్కటే, పుట్టిల్లు. కాన్పుకి పోవాలన్నా, కూతురి పెళ్ళికి అప్పు పుట్టాలన్నా అన్నదమ్ముల గడపే. ఆ తలుపు మూసుకోకుండా ఉండటానికి ఆమె తన వాటాని కట్టుబడిగా కడుతోంది. ఏటా సంక్రాంతికి వచ్చే చీర ఆ కట్టుబడికి రసీదు. బీనా అగర్వాల్ ఈ సంగతిని ముప్ఫై ఏళ్ళ కిందటే వివరంగా రాసింది. ప్రదీప్ పాండాతో కలిసి ఆమె తిరువనంతపురం జిల్లాలో చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం మరీ ముఖ్యం. భూమి గానీ ఇల్లు గానీ లేని స్త్రీలలో 49 శాతం భర్త చేతి దెబ్బలు తిన్నవాళ్ళు. భూమి ఉన్నవాళ్ళలో 18 శాతం, ఇల్లు ఉన్నవాళ్ళలో 10 శాతం, రెండూ ఉన్నవాళ్ళలో 7 శాతం. అంటే దెబ్బలు పడ్డప్పుడు పారిపోయే చోటు కోసం మనం వదులుకుంటున్నది, ఆ దెబ్బలనే ఆపగలిగిన దాన్ని.

ఈ తీరంలో భూమి కాగితానికి విలువ మరీ ఎక్కువ. 1990ల మొదట్లో రొయ్యల గుంటలు వచ్చినప్పుడు నెల్లూరు తీరమంతా వరి నేలలు చెరువులయ్యాయి. తాగే నీళ్ళు ఉప్పగిల్లాయి, నాట్లూ కోతలూ పోయి కూలి ఆడవాళ్ళకి పని తగ్గింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర ప్రాంత నియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువుల్ని తీసెయ్యమంది. 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి అవి అనుమతులతో నిలబడ్డాయి. పోయిన పని ఎవరిదని అడిగితే కూలి ఆడవాళ్ళది. కౌలు డబ్బు ఎవరికని అడిగితే పాసుపుస్తకంలో పేరున్నవాడికి. ముగ్గు వేసినామె ఎకరం పైచిలుకు భూమి ఇప్పుడు గుంట కౌలుకి పోయింది. సంతకం ఆమెది, బేరం మరిదిది. అయినా సంతకం ఆమెది కాబట్టి కౌలు డబ్బు ముందు ఆమె చేతికి వస్తోందట. కూతురి కాలేజీ ఫీజు దాంతోనే కడుతోంది.

పండుగలో భాగమని చెప్పినవాటిని ఈ జిల్లా ఆడవాళ్ళు ఇదివరకు ఒకసారి తోసి అవతల పెట్టారు. దూబగుంట ఇదే జిల్లాలోది. 1991, 92ల్లో అక్షరాస్యత తరగతుల్లో కూచుని సీతమ్మ కథ చదివిన ఆడవాళ్ళు సారా దుకాణాల ముందు నిలబడ్డారు, వేలంపాటలు ఆపించారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధమయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో పోయింది. కోడిపందాలు, పేకాట, చుక్క లేనిదే అదేం పండుగ అనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కానీ కొన్ని సంక్రాంతులైనా కూలి డబ్బు బియ్యం దగ్గరికీ పిల్లల బట్టల దగ్గరికీ చేరిందని ఆ వసారాలోని పెద్దామె చెప్పింది. ఏ ఏడాదో ఆమెకి గుర్తు లేదు, ఆ పండక్కి కొన్న గౌను రంగు గుర్తుంది.

మన సంఘాలు జనవరిలో ముగ్గుల పోటీలు పెడుతున్నాయి. చుక్కల మధ్య నినాదాలు రాయిస్తున్నాయి. మంచిదే, వాకిలి ఆడవాళ్ళకి దొరికిన బహిరంగ స్థలం. కానీ ఆడపిల్లని చదివించండి, రక్షించండి అన్న ముగ్గులు వందలు చూశాను, వాటా ఇవ్వండి అన్న ముగ్గు ఒక్కటీ చూడలేదు. బహుమతిగా ఇచ్చేది కూడా చాలాచోట్ల చీరే!

వసారాలోంచి లేవబోతుంటే, అంతసేపూ మాట్లాడని ఒకమ్మాయి అడిగింది, "మరి మీ వాటా మీరు తీసుకున్నారా మేడమ్?"

తీసుకోలేదు. నాన్న పోయిన రెండో సంక్రాంతికి, 2009లో, అందరం ఇంట్లో ఉన్నామని, మళ్ళీ అందరం కలవడం ఎప్పుడోనని, అన్నయ్య పత్రం రాయించి ఉంచాడు. హక్కు విడుదల పత్రం. నాకు ఉద్యోగం ఉంది కదా అంది అమ్మ. అప్పటికి డాక్టరేటు చేతికొచ్చి రెండేళ్ళు, కుటుంబమూ ఆస్తి సంబంధాలూ అన్న పేపరు నేను క్లాసులో చెబుతున్న రోజులు. కనుమ వెళ్ళాక రిజిస్ట్రారు దగ్గరికి పోయి సంతకం పెట్టాను, వేలిముద్ర వేశాను. బలవంతం ఎవరూ చెయ్యలేదు. ఆ పండక్కి వదిన నాకు పెట్టిన చీర మిగతా ఏళ్ళ కంటే ఖరీదైనది, మామిడిపిందెల అంచు పట్టుచీర. ఒక్కసారే కట్టాను.

ఆ అమ్మాయికి ఇంత వివరంగా చెప్పలేదు. తీసుకోలేదు, సంతకం పెట్టేశాను అన్నాను. ఆమె ఇంకేం అడగలేదు.

అందరూ ఇళ్ళకి చేరే పండుగ కాబట్టి ఈ పత్రాలు ఎక్కువగా పండుగల్లోనే బయటికి వస్తాయి. మీ ప్రాంతాల్లో ఎలా ఉందో మాకు రాయండి. సంతకం అడిగినప్పుడు ఏమని అడిగారు, ఎవరు అడిగారు, పెట్టనన్నవాళ్ళకి ఆ తర్వాతి పండుగ ఎలా గడిచింది. వాటా తీసుకుని కూడా పుట్టింటికి వెళ్ళి వస్తున్నవాళ్ళు ఉంటే తప్పకుండా రాయండి, ఊరి పేరూ మనిషి పేరూ లేకపోయినా ఫరవాలేదు. ఎవరైనా పత్రం చేతిలో పెడితే ఆ పూట సంతకం పెట్టకుండా, నకలు తీసుకుని, మండల న్యాయసేవా సంఘంలో గానీ తెలిసిన లాయరుతో గానీ చదివించుకోమని మీ సంఘాల్లో భోగి లోపలే చెప్పండి. ఇష్టంతో పెట్టిన సంతకాన్ని తర్వాత వెనక్కి తీసుకోవడం చట్టంలో తేలిక కాదు.

నెల్లూరు నుంచి వచ్చాక నేను పెట్టిన ఆ పత్రం నకలు కోసం సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో దరఖాస్తు ఇచ్చాను. అన్నయ్యకి ఇంకా చెప్పలేదు.